అమల్లోకి రాని సెక్షన్ 22

బ్రిటన్‌లో ఇల్లు అమ్మిపెట్టే ఎస్టేట్ ఏజెంటుకూ, ఇల్లు అద్దెకు కుదిర్చే లెటింగ్ ఏజెంటుకూ ఏ అర్హత ఉండాలన్న వాదన పందొమ్మిదో శతాబ్దంలో మొదలై ఇంకా తెగలేదు. స్కాట్లండ్‌లో అద్దె ఏజెన్సీ నడపాలంటే చదివి ఉత్తీర్ణులు కావాలి. వేల్స్‌లో శిక్షణ తీసుకుని లైసెన్స్ పొందాలి. ఇంగ్లండ్‌లో రెండూ అక్కర్లేదు. దివాలా తీసి ఇంకా బయటపడని మనిషి, నిషేధపు ఉత్తర్వు పడిన మనిషి తప్ప ఎవరైనా ఒక దుకాణం తీసుకుని, అద్దాలకు ఇళ్ల ఫొటోలు అంటించి, జనం జీవితంలో అన్నిటికన్నా పెద్ద కొనుగోలుకు మధ్యవర్తి కావచ్చు. చట్టం రాసినవాళ్లకు ఆలోచన తట్టక కాదు. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టంలో 22వ సెక్షన్ ఉంది. ఏజెంటుకు ఎంత అనుభవం, ఏ అర్హత ఉండాలో నిర్ణయించే అధికారాన్ని అది మంత్రికి ఇస్తుంది. ఆ సెక్షన్‌ను ఏ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు.

ఈ వృత్తి మూడు పాయలుగా పుట్టింది. ప్రభువుల భూములకు లెక్కలు చూసి, కౌళ్లు వసూలు చేసే ల్యాండ్ ఏజెంటు మొదటివాడు. మన జమీందారీల్లో దివాను చేసిన పనే అతనిది. రెండోవాడు వేలం పాట నడిపేవాడు. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో పెద్ద ఆస్తులు ఎక్కువగా వేలంలోనే చేతులు మారేవి. 1810లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పక్కనే ఆక్షన్ మార్ట్ అనే వేలం శాల వెలిసింది. మూడోవాడు హౌస్ ఏజెంటు. పట్నంలో ఖాళీ ఇళ్ల జాబితా పెట్టుకుని అద్దెకు కుదిర్చే ఇతని హోదా అన్నిటికన్నా తక్కువ. చాలామందికి ఇది ఉపవృత్తి. సోఫాలు కుట్టేవాళ్లు, కుర్చీలు బల్లలు అమ్మేవాళ్లు పనిలో పనిగా ఇళ్లు కూడా కుదిర్చేవారు. ఇంట్లో సామాను అమర్చేవాడికి ఏ ఇల్లు ఖాళీ అవుతుందో ముందే తెలుస్తుంది కదా. లండన్‌లోని హారడ్స్ దుకాణం 1897లో ఇళ్ల విభాగం తెరవడం ఈ ఆనవాయితీకి కొనసాగింపే.

లైసెన్స్ అన్నది ఆ రోజుల్లోనే ఉంది. 1845 చట్టం ప్రకారం వేలం నడిపేవాడు ఏటా 10 పౌండ్లు కట్టి లైసెన్స్ తీసుకోవాలి. 1861లో హౌస్ ఏజెంట్లకూ ఏటా 2 పౌండ్ల లైసెన్స్ పెట్టారు. అయితే ఇవి ఖజానా కోసం పుట్టినవి. సారా దుకాణానికి సుంకం కట్టించుకున్నట్టే ఎక్సైజ్ శాఖ వీళ్ల దగ్గరా కట్టించుకుంది. పని తెలుసా, నమ్మదగినవాడా అని అడిగిన అధికారి లేడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ లైసెన్సులను రద్దు చేశారు. అర్హతకు లైసెన్స్ ముడిపెట్టాలని వృత్తి సంఘాలు గట్టిగా అడుగుతున్న కాలంలోనే, పన్ను కోసం ఉన్న లైసెన్స్ కూడా పోయింది.

అర్హత ఊసు మొదట ఎత్తింది పై వరుసలోని వాళ్లు. 1868లో జాన్ క్లటన్ అధ్యక్షుడిగా లండన్‌లో సర్వేయర్ల సంస్థ ఏర్పడింది. రైలు మార్గాల కోసం భూమి సేకరించినప్పుడు నష్టపరిహారం లెక్కగట్టి పేరూ డబ్బూ సంపాదించిన వర్గం వీరిది. 1881లో రాజ చార్టర్ దక్కాక సభ్యత్వానికి పరీక్షలు పెట్టారు. అందులో చోటు దొరకనివారు 1886లో వేలందార్ల సంస్థ పెట్టుకున్నారు. అది తర్వాత ఎస్టేట్ ఏజెంట్ల సంస్థతో కలిసిపోయింది. వీళ్లూ పరీక్షలు పెట్టారు. పేరు చివర తగిలించుకునే అక్షరాలు ఇచ్చారు, క్రమశిక్షణ సంఘాలు నడిపారు. 1919లో కాలేజ్ ఆఫ్ ఎస్టేట్ మేనేజ్‌మెంట్ ప్రారంభమైంది. ఉద్యోగం చేసుకుంటూ తపాలాలో పాఠాలు తెప్పించుకుని చదివే పద్ధతి దానికి పేరు తెచ్చింది. ఆడవాళ్లకు ఈ పరీక్షల తలుపు, వృత్తుల్లో చేరడానికి లింగభేదం అడ్డు కాకూడదన్న 1919 చట్టం తర్వాతే తెరుచుకుంది. 1922లో ఐరీన్ బార్క్‌లే తొలి మహిళా చార్టర్డ్ సర్వేయర్ అయ్యారు.

అద్దె ఇళ్ల వైపు శిక్షణకు మూలం మాత్రం ఈ సంస్థల్లో లేదు. 1865లో ఆక్టేవియా హిల్ లండన్‌లోని మేరిల్‌బోన్‌లో, పారడైజ్ ప్లేస్ అనే సందులో మూడు పాత ఇళ్లు నడపడం మొదలుపెట్టారు. డబ్బు పెట్టింది రచయిత జాన్ రస్కిన్. పెట్టుబడి మీద ఏటా 5 శాతం వస్తే చాలన్నాడు. వారం వారం అద్దె వసూలుకు ఆమె ఆడవాళ్లనే పంపేవారు. వాళ్లు అద్దె తీసుకోవడంతో ఆగకుండా ఇంటి కప్పు కారుతోందా, మురుగు పోతోందా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని చూసేవారు. బకాయి పెడితే మాత్రం నిర్దాక్షిణ్యంగా ఖాళీ చేయించేవారు. 1884లో చర్చి ఆస్తుల కమిషనర్లు దక్షిణ లండన్‌లోని తమ ఇళ్లను ఆమెకు అప్పగించే నాటికి ఇది ఒక శిక్షణ పద్ధతిగా స్థిరపడింది. లెక్కలు, మరమ్మతులు, అద్దె చట్టం ఆమె దగ్గర నేర్చుకున్నవారు ఇతర నగరాల్లోనూ పని అందుకున్నారు. ఆమె మరణించిన నాలుగేళ్లకు, 1916లో, ఇళ్ల నిర్వహణ చేసే మహిళలకు ఒక సంఘం ఏర్పడింది. నేటి చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హౌసింగ్‌కు అది ఒక మూలం. ఆ చదువు మున్సిపల్ ఇళ్లకూ, ధర్మ సంస్థల ఇళ్లకూ పోయింది. లాభం కోసం నడిచే అద్దె ఏజెన్సీ దాన్ని అందిపుచ్చుకోలేదు.

యుద్ధాల మధ్య కాలంలో లండన్ చుట్టూ లక్షల కొత్త ఇళ్లు లేచాయి. గృహ రుణ సంఘాలు అప్పులిచ్చాయి. వేలానికి బదులు బేరం మాట్లాడి అమ్మించి, కమీషన్ తీసుకునే పద్ధతి పెరిగింది. దాంతో ఏజెంట్ల సంఖ్యా పెరిగింది. పేర్లు నమోదు చేసి, నమోదు లేనివాళ్లను వ్యాపారం నుంచి తప్పించాలని కోరే బిల్లులు పార్లమెంటు ముందుకు వచ్చి వీగిపోతూ ఉన్నాయి. వృత్తి సంస్థలు తమలో తాము ఒక మాట మీద ఉండలేదన్నది ఒక కారణం. చార్టర్ ఉన్నవాళ్లకు చార్టర్ లేనివాళ్లతో ఒకే జాబితాలో కనిపించడం నామోషీ. పార్లమెంటుకు పట్టుకున్న అనుమానం మరోటి: ఇది జనాన్ని కాపాడటానికా, పోటీని తప్పించుకోవడానికా?

అనుమానం ఊరికే పుట్టలేదు. ఈ సంస్థలు సభ్యులకు కమీషన్ రేట్ల పట్టికలు వేసి, అంతకన్నా తక్కువకు పని చేయకుండా చూసేవి. 1969లో మోనోపలీస్ కమిషన్ తన నివేదికలో ఈ పట్టికలు ప్రజాప్రయోజనానికి వ్యతిరేకమని తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఉత్తర్వు అలాంటి ఒప్పందాలను నిషేధించింది. ఆ 1970లోనే చార్టర్డ్ వేలందార్ల, ఎస్టేట్ ఏజెంట్ల సంస్థ సర్వేయర్ల రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కలిసిపోయింది. చార్టర్ లేని ఏజెంట్లు అప్పటికే, 1962లో, తమ జాతీయ సంఘం పెట్టుకున్నారు. అర్హత నిబంధన కావాలని అడిగిన నోటితోనే ధర తగ్గించవద్దని చెప్పడం ఈ వృత్తికి చాలాకాలం ఖరీదైన తప్పుగా మిగిలింది. తర్వాత ఎప్పుడు లైసెన్స్ ప్రస్తావన వచ్చినా అధికారులు ఈ చరిత్రనే గుర్తు చేసుకున్నారు.

అద్దెల్లో మోసం వేరే రకం. యుద్ధానంతరం ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో కొందరు ఏజెంట్లు పేరు రాసుకున్నందుకు కొంత, చిరునామాల కాగితం ఇచ్చినందుకు కొంత వసూలు చేసేవారు. ఆ చిరునామాల్లో ఇళ్లు ఖాళీగా ఉండేవి కావు. 1953 అకామడేషన్ ఏజెన్సీల చట్టం దీన్ని నేరం చేసింది. ఎవరు ఏజెంటు కావచ్చన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. బ్రిటిష్ చట్టాలు మనిషిని వదిలి ఆ మనిషి చేసే ఒక్కో పనినీ పట్టుకునే తీరు ఇక్కడే కనిపిస్తుంది. 1957 అద్దె చట్టం నియంత్రణలు సడలించాక లండన్‌లోని నాటింగ్ హిల్‌లో పీటర్ రాక్‌మన్ అనే యజమాని అద్దెదారులను వేధించిన తీరు 1963లో బయటపడి, ఆయన పేరే దౌర్జన్యానికి మారుపేరైంది. 1965లో వచ్చిన మిల్నర్ హాలండ్ నివేదిక లండన్ అద్దె ఇళ్ల పరిస్థితిని వివరంగా నమోదు చేసింది. కరీబియన్ దీవుల నుంచి, భారత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చినవారికి ఇల్లు లేదని మొహం మీదే చెప్పడం 1968 జాతి సంబంధాల చట్టం వచ్చేదాకా చట్టవిరుద్ధం కాదు.

అమ్మకాల వైపు చట్టం రావడానికి అసలు కారణం బయానా. రాతకోతలు పూర్తికాక ముందే కొనుగోలుదారు ఏజెంటు చేతిలో కొంత డబ్బు పెట్టడం మామూలు. ఒకే ఇంటి మీద నలుగురైదుగురి దగ్గర బయానా తీసుకుని ఏజెంటు మాయమైతే ఆ నష్టం ఎవరిది? 1971లో అప్పీలు కోర్టు ఇంటి యజమానిదే అంది. 1976లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తోసిపుచ్చింది. బయానా తీసుకొమ్మని యజమాని చెప్పనప్పుడు అతనికి బాధ్యత లేదు అంది. న్యాయశాస్త్రం ప్రకారం తీర్పు సబబే. కానీ దాంతో పారిపోయిన ఏజెంటు తప్ప కొనుగోలుదారు డబ్బుకు జవాబుదారీ ఎవరూ లేకుండా పోయారు. మూడేళ్లలో పార్లమెంటు ఎస్టేట్ ఏజెంట్ల చట్టం చేసింది. 1982 మే 3న అది అమల్లోకి వచ్చింది.

చట్టం ప్రకారం ఖాతాదారుల డబ్బు ఏజెంటు సొంత డబ్బుతో కలపకూడదు. దాన్ని వేరే ఖాతాలో, పరాయి సొమ్ముగా ఉంచాలి. ఎంత కమీషన్, ఎప్పుడు చెల్లించాలి అన్నది ముందే రాసి ఇవ్వాలి. అమ్మే ఇంట్లో ఏజెంటుకు సొంత లాభం ఉంటే చెప్పాలి. మోసానికో దొంగతనానికో శిక్ష పడినవారిని, చట్టాన్ని ఉల్లంఘించినవారిని వృత్తి నుంచి నిషేధించే అధికారం, వ్యాపారాల్లో పోటీనీ వినియోగదారుల ప్రయోజనాలనూ చూసే ఫెయిర్ ట్రేడింగ్ కార్యాలయానికి దక్కింది. అంటే తలుపు దగ్గర ఎవరినీ ఆపరు, తప్పు చేశాక బయటకు పంపుతారు. దీన్ని ప్రతికూల లైసెన్సింగ్ అంటారు. అర్హతల 22వ సెక్షన్‌తో పాటు, ఖాతాదారుల డబ్బుకు బీమా తప్పనిసరి చేసే 16వ సెక్షన్ కూడా అటకెక్కింది. చట్టం రెక్కలు విరిగింది ఇందువల్లే అనవచ్చు: మొదటిది మోసాన్ని ముందే తగ్గించేది, రెండోది మోసం జరిగినా నష్టం పూడ్చేది. రెండూ లేకుండా మిగిలింది శిక్షే. పైగా ఈ చట్టం అమ్మకాలకే. అద్దె ఏజెంట్లు దీని పరిధిలోకి రారు. వాళ్లు 1981లో సొంత సంఘం పెట్టుకున్నారు. చేరాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది.

1980ల్లో ఈ వీధి దుకాణాల మీద బ్యాంకుల కన్ను పడింది. ఇల్లు అమ్మేచోటే గృహ రుణమూ బీమా పాలసీ కూడా అంటగట్టవచ్చన్నది లెక్క. లాయిడ్స్ బ్యాంకు 1982లో దారి చూపింది. ప్రుడెన్షియల్ బీమా సంస్థ 1985 నుంచి వందల శాఖలు కొన్నది. దశాబ్దం చివర ఇళ్ల ధరలు పడిపోగానే కొన్నవాళ్లంతా చేతులు కాల్చుకున్నారు. నేషన్‌వైడ్ సంస్థ 1994లో తన ఏజెన్సీల గొలుసును ఒక్క పౌండుకు వదిలించుకుంది. అర్హత విషయంలో ఈ ఘట్టం మిగిల్చింది తక్కువే. చార్టర్ పరీక్ష గట్టెక్కిన పాత యజమానులు అమ్ముకుని వెళ్లిపోయారు. వాళ్ల కుర్చీల్లో అమ్మకాల టార్గెట్లు ఉన్న యువకులు కూర్చున్నారు.

ప్రకటనల భాష మీద జనానికి విసుగు పుట్టింది కూడా అప్పుడే. ఇరుకు గదిని ముచ్చటైనదిగా, కూలబోయే ఇంటిని మెరుగుపరచుకోవడానికి వీలున్నదిగా రాయడం రివాజు. అంతకు చాలా ముందే, 1950లు, 60ల్లో, రాయ్ బ్రూక్స్ అనే లండన్ ఏజెంటు దీన్ని తలకిందులు చేసి, ఇంటి లోపాలన్నీ ఎగతాళిగా ఏకరువు పెట్టి పత్రికల్లో ప్రకటనలు వేస్తే, కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఆదివారం వాటిని చదివి ఆనందించారు. నిజం చెప్పడం వినోదమైందంటే మిగతావారి తీరు ఊహించుకోవచ్చు. 1991లో ఆస్తుల తప్పుడు వర్ణనల చట్టం వచ్చింది. విస్తీర్ణం నుంచి చుట్టుపక్కల సౌకర్యాల దాకా 33 అంశాల్లో తప్పుడు మాట నేరమైంది. 2013లో దాన్ని రద్దు చేశారు, 2008 నాటి వినియోగదారుల నిబంధనలే చాలునని.

1990లో పెద్ద కంపెనీల ఏజెన్సీలు తమ ఖర్చుతోనే ఒక ఆంబుడ్స్‌మన్‌ను పెట్టుకున్నాయి. ఫిర్యాదులు విని పరిహారం ఇప్పించడం అతని పని. స్వచ్ఛందంగా మొదలైన ఆ ఏర్పాటును 2007 చట్టం తప్పనిసరి చేసింది. 2008 అక్టోబర్ నుంచి ఇళ్లు అమ్మే ప్రతి ఏజెంటూ ఏదో ఒక ఫిర్యాదుల పథకంలో సభ్యుడై ఉండాలి. దీనికి ముందే, 2004లో, ఫెయిర్ ట్రేడింగ్ కార్యాలయం లైసెన్సింగ్‌ను పరిశీలించి వద్దంది. పోటీ తగ్గి ధర పెరుగుతుందన్న పాత భయమే మళ్లీ గెలిచింది. 2014లో ఆ కార్యాలయమే మూతపడింది. దేశమంతటి ఎస్టేట్ ఏజెంట్లను నిషేధించే అధికారం వేల్స్‌లోని పావిస్ కౌంటీ కౌన్సిల్‌కు వెళ్లింది. మనుషుల కన్నా గొర్రెలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే ఆ కొండ ప్రాంతపు కౌన్సిల్ లండన్ ఏజెంట్ల నడవడి మీద తీర్పు చెప్పడం ఈ చరిత్రలో ఒక చమత్కారం.

ఈలోగా అద్దెల లోకం మారిపోయింది. 1988 హౌసింగ్ చట్టం అద్దె నియంత్రణ ఎత్తేసి, తక్కువ కాలపు ఒప్పందాలకు దారి తెరిచింది. 1996లో అద్దె ఏజెంట్ల సంఘమూ కొన్ని రుణ సంస్థలూ కలిసి, అద్దెకిచ్చే ఉద్దేశంతో ఇల్లు కొనేవారికి ప్రత్యేక రుణాలు ప్రారంభించాయి. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలు పదో వంతు నుంచి ఇరవై ఏళ్లలో దాదాపు ఐదో వంతుకు చేరాయి. డాక్టర్లు, డ్రైవర్లు, ఉపాధ్యాయులు ఒక ఇల్లు కొని అద్దెకిచ్చి, చూసుకునే బాధ్యత ఏజెన్సీకి వదిలేశారు. వేల పౌండ్ల అడ్వాన్సులు, నెలనెలా అద్దెలు ఏజెంట్ల ఖాతాల్లో పోగుపడ్డాయి. నియంత్రణ ఒక్కో ముక్కగా వచ్చింది. 2007 నుంచి అద్దెదారుల డిపాజిట్టును అనుమతి పొందిన పథకంలో భద్రపరచాలన్నారు. 2014 అక్టోబర్ నుంచి అద్దె ఏజెంట్లకూ ఫిర్యాదుల పథకం తప్పనిసరి అయింది. 2019 ఏప్రిల్ నుంచి ఖాతాదారుల సొమ్ముకు రక్షణ పథకం, జూన్ నుంచి అద్దెదారుల మీద రకరకాల ఫీజుల నిషేధం అమలయ్యాయి.

వేల్స్, స్కాట్లండ్‌లకు సొంత చట్టసభలు దక్కాక దారి చీలింది. వేల్స్ 2014 చట్టం కింద 2015 నవంబరులో రెంట్ స్మార్ట్ వేల్స్ మొదలైంది. కార్డిఫ్ కౌన్సిల్ దాన్ని నడుపుతుంది. ఇల్లు అద్దెకిచ్చే యజమాని నమోదు కావాలి. అద్దె వ్యవహారాలు చూసేవారు, యజమాని అయినా ఏజెంటు అయినా, శిక్షణ పొంది ఐదేళ్ల లైసెన్స్ తీసుకోవాలి. స్కాట్లండ్ ఇంకా కఠినం. 2018 జనవరి 31 నుంచి ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది, నమోదు మొదలైంది. సంస్థను నడిపేవారు, శాఖల బాధ్యులు స్కాట్లండ్ విద్యార్హతల వరుసలో కనీసం 6వ స్థాయి అర్హత సంపాదించాలి. నమోదు లేకుండా పని చేయడం నేరం. అర్హత పెడితే వృత్తి కుప్పకూలుతుందన్న భయం ఆ రెండు చోట్లా నిజం కాలేదు. అయితే స్కాట్లండ్‌లోనూ ఈ నియమం అద్దెలకే. అక్కడ ఇళ్ల అమ్మకాలు చాలాకాలంగా న్యాయవాదుల చేతిలో ఉంటూ వచ్చాయి, వారికి చదువు ఎలాగూ ఉంటుంది.

ఇంగ్లండ్‌లో రాజ్యం ఏజెంటు అర్హత అడగకుండానే ఇతరుల కాగితాలు తనిఖీ చేసే పని అతనికి అప్పగించింది. నల్లడబ్బు నివారణ నిబంధనల కింద ఎస్టేట్ ఏజెంటు పన్నుల శాఖ దగ్గర నమోదై, కొనేవాడి సొమ్ము ఎక్కడిదో ఆరా తీయాలి. 2014 వలస చట్టం కింద, 2016 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ అంతటా, అద్దెకు వచ్చినవారికి దేశంలో ఉండే హక్కు ఉందో లేదో యజమాని గానీ ఏజెంటు గానీ చూడాలి. హైదరాబాద్, విజయవాడల నుంచి చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థి దిగీ దిగగానే వీసా కాగితం చూపించేది తరచూ లెటింగ్ ఏజెన్సీ గుమాస్తాకే. వలస చట్టంలో ఆ గుమాస్తాకు ఎంత తెలుసునన్నది ఎవరూ పరీక్షించరు.

పొరుగు దేశాలు ఇంతగా నాన్చలేదు. ఇళ్ల ధరల బుడగ పేలి అల్లాడిన ఐర్లండ్ 2011లో చట్టం చేసి, ప్రత్యేక ప్రాధికార సంస్థ పెట్టి, అమ్మకాలకూ అద్దెలకూ నిర్వహణకూ లైసెన్స్, అర్హత తప్పనిసరి చేసింది. భారతదేశంలో 2016 రియల్ ఎస్టేట్ చట్టం నమోదు దాకా వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించే ఏజెంటు తానూ నమోదు కావాలి, కాకపోతే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2017లో ఈ చట్టానికి నియమాలు చేసుకున్నాయి. చట్టంలో పరీక్ష ఊసు లేదు. మహారాష్ట్ర రెరా 2023లో తన ఆదేశంతో శిక్షణ, పరీక్ష, సామర్థ్య ధ్రువపత్రం తెచ్చింది. టు-లెట్ బోర్డు చూసి అద్దె కుదిర్చే బ్రోకరు, 1979 నాటి బ్రిటిష్ చట్టంలో లాగే, ఈ చట్టం బయటే ఉన్నాడు.

ఇంగ్లండ్ ప్రభుత్వం 2018లో లార్డ్ బెస్ట్ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. 2019 జూలైలో వచ్చిన దాని నివేదిక అమ్మకాలు, అద్దెలు, అపార్ట్‌మెంట్ల నిర్వహణ మూడింటికీ కలిపి కొత్త నియంత్రణ సంస్థ, లైసెన్స్, నియమావళి కోరింది. ఖాతాదారులతో వ్యవహరించే ఏజెంటుకు 3వ స్థాయి అర్హత, సంస్థ డైరెక్టర్లకు 4వ స్థాయి అర్హత ఉండాలంది. ఇంగ్లండ్ విద్యార్హతల లెక్కలో 3వ స్థాయి అంటే మన ఇంటర్మీడియట్‌కు దగ్గరిది. నివేదికను వృత్తి సంఘాలు స్వాగతించాయి. వరుసగా మారిన ప్రభుత్వాలు దాన్ని పక్కన పెట్టాయి. 2025 జూలైలో అపార్ట్‌మెంట్లు నిర్వహించే ఏజెంట్లకు అర్హత తప్పనిసరి చేయడంపైనా, అక్టోబరులో ఇళ్ల క్రయవిక్రయాల సంస్కరణలో భాగంగా ఎస్టేట్ ఏజెంట్ల అర్హతలూ నియమావళిపైనా ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరుతూ పత్రాలు వెలువరించింది.